ఎండాకాలం ఇద్దరికే సముద్రం ట్రిప్పు: నెల్లూరులో మేము మాట్లాడుకున్న కారు సర్వీసు

ఎండాకాలంలో భార్యాభర్తలు సముద్రం ఒడ్డుకి పోయిరావాలనుకుంటే ముందు రూము వెతుక్కుంటారు. మన తీరంలో ముందు వెతుక్కోవాల్సింది కారు నడిపే మనిషిని. నెల్లూరు దగ్గర మైపాడు నుంచి ఒంగోలు దగ్గర కొత్తపట్నం దాకా మే నెలలో ఏ గంటకి ఎక్కడుండాలో, ఏ గంటకి అక్కడినుంచి లేచి వచ్చేయాలో ఎరిగినవాడు దొరికితే సగం పని అయిపోయినట్టే. అట్టాంటివాడు మాకు దొరికాడు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

సర్వీసు చాలా చిన్నది. ఓనరే డ్రైవరు, కారు ఒక్కటే. మైపాడు వైపు జాలర్లుండే పట్టపుపాలెంలో పుట్టి పెరిగిన అబ్బాయి. వాళ్ళ నాన్న ఇప్పటికీ చేపల వేటకి పోతాడు. కిలోమీటరుకి 14 రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకి 500, టోలు మనదే. ఫోన్లో బేరం అయ్యాక మామూలుగా ఎవరైనా అడ్వాన్సు అడుగుతారు. ఈయన అడిగింది వేరే: "అక్కా, మీ ఇద్దరికీ బీపీ, షుగరు ఏమన్నా ఉండాయా? పొద్దున్నే లేవగలరా? ఈత వచ్చా?" ఈ ప్రశ్నలకి మేము చెప్పిన జవాబుల్ని బట్టే ట్రిప్పంతా కట్టుకొచ్చాడు.

నాది స్టోన్‌హౌస్‌పేటలో టైలరింగ్ షాపు. పెళ్ళిళ్ళున్నన్నాళ్ళు జాకెట్ల పనిలో తల ఎత్తే తీరిక ఉండదు. మూఢం వచ్చి ముహూర్తాలు ఆగితేనే నేను ఊరు దాటేది. మా ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తారు, ఆయనకి పేపర్లు దిద్దే పని అయ్యాకే సెలవలు. కాబట్టి ఈసారి మాకు మే తప్ప వేరే నెల లేదు. పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక ఇద్దరమే పోదామనుకున్నది ఇదే మొదలు. చెప్తే అందరూ "తిరపతికా?" అన్నారు. కాదంటే "మరి ఊటీకా?" అన్నారు. సముద్రానికి అంటే మాత్రం ఎవరికీ నచ్చలేదు. నాకేమో చిన్నప్పటినుంచీ సముద్రమే ఇష్టం. ఇరవై ఐదు కిలోమీటర్ల దూరంలో సముద్రాన్ని పెట్టుకుని, కార్తీక పౌర్ణమికి ఒక మునకేసి వచ్చేయడం తప్ప దాని పక్కన తీరిగ్గా కూర్చున్నది లేదు.

"తొమ్మిదింటికి బయల్దేరదాం అంటే నేను రానక్కా. ఆ టయానికి ఇసక కాలతా ఉంటాది," అన్నాడు డ్రైవరు. నాలుగుంబావుకి ఇంటి ముందు కారు ఆపాడు. మేలో మన వైపు ఆరుకి పావుగంట ముందే సూర్యుడు వచ్చేస్తాడు. అందుకే అయిదుంబావుకల్లా మైపాడులో ఉన్నాం. ఆ వేళకి అక్కడ వల బాగుచేసుకునే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు, ఎర్రపీతలు తప్ప ఎవరూ లేరు. ఆ పీతల్ని దగ్గరకి పోకుండా ఒకచోట నిలబడి చూడాలి. బొరియలోంచి ముందు కళ్ళు పైకొస్తాయి. కాసేపు మనల్నే చూస్తా ఉంటాయి. కదలకుండా ఉంటే మొత్తం బయటికి వచ్చి, లోపలి తడి ఇసకని ఉండచేసి అంత దూరం తోసేసి, మళ్ళీ లోపలికి పోతాయి. మా ఆయన పదినిమిషాలు ఒంటికాలు మీద నిలబడి మరీ చూశారు.

నీళ్ళల్లోకి దిగే ముందు ఆ అబ్బాయి మమ్మల్ని గట్టు మీదే ఆపి సముద్రాన్ని చూపించాడు. ఇది ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఒడ్డు పొడుగునా అలలు తెల్లగా విరుగుతుంటాయి గదా, మధ్యలో ఒకచోట మాత్రం అల విరక్కుండా నీళ్ళు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటాయి. కొత్తవాళ్ళు అలలు లేవు కదా అని అక్కడే దిగుతారు. నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. దాంట్లో పడితే మనిషిని లాక్కుపోతుంది. "అట్టా లాగిందంటే ఒడ్డుకి ఎదురు ఈదకూడదు సార్, బలం అయిపోతాది. ఒడ్డెంబడే పక్కకి పోవాల. లాగుడు తగ్గినాక లోపలికి రావాల," అని చేత్తో గీత గీసి చూపించాడు. మాకు ఈత రాదని ముందే చెప్పాం కాబట్టి మోకాలి లోతు దాటనివ్వలేదు. తనూ పంచె మడిచి పక్కనే నిలబడ్డాడు. ఏ రిసార్టు కౌంటర్లోనూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఏడున్నరకి "ఇంక చాలు" అనేశాడు. నాకు రావాలనిపించలేదు, ఇంకో అరగంట అన్నాను. చెప్పులు వదిలిన చోటు దాకా నడిచేసరికి అరికాళ్ళు చురుక్కుమన్నాయి.

మధ్యాహ్నం ఎక్కడుండాలనేది ఈ ట్రిప్పులో అసలు లెక్క. సముద్రం పక్కనే కదా, చల్లగా గాలి వస్తుందిలే అనుకుంటాం. నేల వేడెక్కాక సముద్రం మీదనుంచి గాలి లోపలికి తోలడం నిజమే. కానీ మేలో పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున అది ఆ సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా రానివ్వదు. ఆ కొన్ని గంటలు ఒడ్డు మీద కూడా వడగాలే. అందుకని మొదటి రాత్రి ఒంగోలు టౌన్లో మంచి ఏసీ లాడ్జి చెప్పాడు, రెండో రాత్రి సముద్రం పక్కన. పదకొండుకల్లా లాడ్జిలో దించి, నాలుగు దాకా బయటికి రావద్దన్నాడు. హాయిగా నిద్రపోయాం. పగటి నిద్ర నేను పోయి ఎన్నాళ్ళయిందో.

మైపాడు నుంచి ఒంగోలు పోయే దారిలో ఉలవపాడు దగ్గర ఆగాం. హైవే పక్కన మామిడిపండ్ల అంగళ్ళు వరసగా ఉంటాయి. మొదటి అంగడి దగ్గర ఆపకుండా ముందుకి పోయాడు. ముందువి నీటుగా పేర్చి ఉంటాయి, రేటు ఎక్కువ. లోపలికి తిరిగే రోడ్డు దగ్గర తోట వాళ్ళే తెచ్చి పోసుకున్న కాయలు కొనిపించాడు. బంగినపల్లి, పైన కొంచెం మచ్చలున్నాయి, కోస్తే వాసన కారంతా నిండింది. సపోటాలు కూడా ఆ ఊరివి బాగుంటాయి. తాటిముంజలు మాత్రం తెల్లారి అమ్మేవాటినే కొనాలి. ఎండెక్కాక ముదిరినవే మిగుల్తాయి.

మా ఆయన మోటుపల్లి చూడాలని పట్టుబట్టారు. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది, చరిత్ర చెప్పేవాళ్ళకి ఊరుకోబుద్ధి కాదు. ఇంకో డ్రైవరైతే కిలోమీటర్లు పెరుగుతాయి కదా అని సంతోషంగా తీసుకుపోయేవాడు. ఈ అబ్బాయి లెక్కేసి చెప్పాడు: "పోవచ్చు సార్. కానీ మనం ఆడికి చేరేసరికి పన్నెండు. గుడి రాళ్ళ మీద కాలు పెట్టలేరు. మార్గశిరంలో రండి, నేనే తీసుకుపోతా." తన డబ్బులు తగ్గించుకునే మాట చెప్పాడంటే, అక్కడినుంచి అతనేం చెప్పినా మేము ఎదురు మాట్లాడలేదు.

సాయంత్రం కొత్తపట్నం. ఒంగోలు నుంచి అరగంటా ముప్పావుగంట. పోయేటప్పుడు బకింగ్‌హామ్ కాలవ దాటుతాం. ఈ తీరంలో ఏ బీచికి పోయినా ఆ కాలవ ఎక్కడో ఒకచోట అడ్డం వస్తుంది. మా ఆయన వంతెన మీద కారు ఆపించి, ఒకప్పుడు దీంట్లోనే పడవల మీద ఉప్పు, కట్టెలు మద్రాసుకి పోయేవని, 1876-78 నాటి ధాత కరువు కాలంలో కూలి పనులు పెట్టి మద్రాసులో కాలవని కలిపాక 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టారని చెప్పారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు పాఠం చెప్పింది అదే మొదటిసారి. నాకు నచ్చింది.

నేను ఇంతకుముందు గమనించని సంగతి ఒకటుంది. మన సముద్రం తూర్పున ఉంది కదా. సాయంత్రం సూర్యుడు వెనక, సరుగుడు తోటల వైపు దిగుతాడు. నాలుగున్నర దాటాక ఆ చెట్ల నీడ ఇసక మీదుగా సముద్రం వైపు సాగుతా పోతుంది. అయిదున్నరకి ఒడ్డులో సగం దాకా నీడే, గాలి కూడా అప్పటికి సముద్రం మీదనుంచి తిరిగింది. పొద్దున్నే ఎండ ముఖాన కొడుతుంది కాబట్టి ఆ పూట నడవడానికి, సాయంత్రం కూర్చోవడానికి. గొడుగు, కుర్చీ అద్దెకిచ్చేవాళ్ళు ఎవరూ లేరు, అవసరం కూడా లేదు. ఒక చాప ఉంటే చాలు, అది కారు డిక్కీలోనే ఉంది. ఎనిమిది దాకా కూర్చున్నాం. పిల్లల సంగతి, షాపు సంగతి, లోను సంగతి అన్నీ అయిపోయాక కూడా మాట్లాడుకోవడానికి మిగిలి ఉంటుందని అక్కడే తెలిసింది.

తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే నెల్లూరోళ్ళం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లనీ, ఇంజను పడవల్నీ సముద్రంలోకి పోనివ్వరు. అంటే మీరు మేలో పోతే హోటల్లో పెద్ద వంజరం ముక్క పెట్టి "ఈరోజుదే" అన్నారంటే ఒక్కసారి ఆలోచించండి. ఐసులో దాచిందో, ఇంకెక్కడినుంచో వచ్చిందో అయ్యుంటుంది. ఇంజను లేని తెప్పలకి మాత్రం నిషేధం లేదు. వాటి మీద పోయేవాళ్ళకి దొరికే చిన్న చేపే ఈ కాలంలో అసలైన తాజా చేప. మా డ్రైవరు ముందురోజే పాలెంలో వాళ్ళ బంధువు ఒకావిడకి ఫోను చేసి పెట్టాడు. నెత్తళ్ళు, పచ్చిమామిడికాయ ముక్కలేసి, నువ్వుల నూనెతో మట్టిదాకలో చేసింది. చింతపండు తగ్గించి మామిడి పులుపు మీదే నడిపింది. పొద్దున చేసి సాయంత్రం పెట్టింది కాబట్టి పులుసు ముక్కకి బాగా పట్టింది. పెద్దచేప పులుసు తప్ప వేరేది ముట్టని మా ఆయన అన్నం రెండోసారి కలుపుకున్నారు. మనిషికి 200 తీసుకుంది, ఇంకో 100 ఇస్తే వద్దంది. రొయ్యలు కావాలంటే సందేహం లేకుండా తినండి. మన వైపు అవి ఎక్కువగా చెరువులవి, వేట నిషేధంతో వాటికి పనిలేదు.

ఇక బాగాలేనివి. రెండో రాత్రి ఉన్న సముద్రం పక్క రూము ఫొటోల్లో బాగుంది, డబ్బులూ బాగానే తీసుకున్నారు. బాత్రూములో బోరు నీళ్ళు ఉప్పుమయం. సబ్బు రుద్దితే నురగ రాదు, జుట్టు అట్టలు కడుతుంది. కిటికీ పడమరకి ఉంది, సముద్రం వైపు బాత్రూము వెంటిలేటరు! రాత్రి కరెంటు పోతే జనరేటరు ఫ్యాను, లైటు వరకే. అడిగితే "తీరంలో అంతేనండీ" అన్నారు. నీళ్ళ సంగతి డ్రైవరు ముందే చెప్పి, డిక్కీలో రెండు క్యాన్లు మంచినీళ్ళు పెట్టుకొచ్చాడు కాబట్టి తలస్నానం గడిచింది. అయినా ఆ రాత్రి కోసం ఆ రూము తీసుకోవడం నాకు సమ్మతమే. కరెంటు పోయినప్పుడు బయట ఇసక మీద పడుకున్నాం, ఆ వేళ మాకు కరెంటుతో పనిలేదు.

డ్రైవరు సర్వీసులోనూ లోట్లున్నాయి. వెనక సీటుకి ఏసీ సరిగా అందదు, మధ్యాహ్నం ప్రయాణమైతే ఇబ్బందే. బిల్లు ఇవ్వడు, కాగితం మీద లెక్క రాసి చూపిస్తాడు. లెక్కలో పైసా తేడా లేదు గానీ, ఆఫీసులో బిల్లు పెట్టుకోవాల్సినవాళ్ళకి కుదరదు. శని, ఆదివారాల్లో దొరకడం కష్టం. ఇంకోటి, ఆడవాళ్ళకి బట్టలు మార్చుకునే చోటు మైపాడులో మాకు సరైంది కనపడలేదు. దానికి అతను చేయగలిగిందేమీ లేదు. కారు అద్దాలకి కట్టుకునే తెరలు ఉంచితే బాగుంటుందని చెప్పాను. కొలతలు తీసుకున్నాను, కుట్టిస్తున్నాను.

తిరిగొచ్చే రోజు తెల్లారకముందే సింగరాయకొండ దగ్గర పాకల వైపు ఉప్పు కొటార్లకి, అంటే ఉప్పు పండించే మళ్ళకి, తీసుకుపోయాడు. ఎండ ముదిరితే ఆ తెలుపుకి కళ్ళు తెరవలేం, కూలీలు కూడా ఎండెక్కేలోపే పని కానిచ్చేస్తారు. మడిలో నీళ్ళు ఇగిరిపోయి, అడుగున ఉప్పు పలకలు కట్టి ఉంటుంది. పొడుగాటి కర్రకి పలక బిగించి దాన్ని గట్టు వైపు లాగుతుంటే గరగరమని చప్పుడు. ఒకామె దోసిట్లో కొత్త ఉప్పు పోసి నోట్లో వేసుకోమంది. ఉప్పదనం వెనక కొంచెం చేదు తగిలింది. కుప్ప పోసి ఆరబెడితే ఆ చేదు నీళ్ళన్నీ దిగిపోతాయంది. పాదాలు చూపించింది, మడమల నిండా పగుళ్ళు. సెలవలకి వచ్చి చూసిపోయే చోటు కాదది. పనికి అడ్డం రాకుండా గట్టు మీదే నిలబడండి, ఫొటో తీసుకునే ముందు అడగండి. మేము ఆమె దగ్గరే ఒక సంచి ఉప్పు కొన్నాం.

రామాయపట్నం ఈసారి వదిలేశాం. పోర్టు పనులు నడుస్తున్నాయి, ప్రశాంతంగా కూర్చుందామనుకునే జంటలకి ఇప్పుడది చోటు కాదు. కావలి పక్కన తుమ్మలపెంట సాయంత్రం పూట బాగుంటుందన్నాడు గానీ మేము ఆగలేదు.

మేలో పోయేవాళ్ళు రోహిణి కార్తె రాకముందే పోయిరండి, రోళ్ళు పగిలే ఎండని ఊరికే అనలేదు. చేప కోసమే పోయేవాళ్ళయితే జూన్ 14 దాటి పడవలు దిగాక పోండి. గుండెజబ్బు ఉన్నవాళ్ళని, చంటిబిడ్డ తల్లుల్ని ఈ నెలలో నేను పొమ్మనను. ఈ సర్వీసుకి నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది ఏసీకి. దాన్ని జూన్‌లో బాగుచేయిస్తానన్నాడు, మార్గశిరంలో మోటుపల్లికి అతన్నే మాట్లాడుకున్నాం.