పర్లాకిమిడిలో రెండు గదుల పార్లమెంటు: ఒక ఆదివారపు తరగతిపై సమీక్ష

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తమ ఇంట్లో ఆదివారాలు నడుపుతున్న రాజ్యాంగ తరగతిలో మా అమ్మాయిని గత వేసవిలో చేర్పించాను. 10 వారాలు, వారానికి రెండు గంటలు, మొత్తం రుసుము రూ.1,800. తల్లిదండ్రులు వెనక బల్ల మీద కూర్చుని వినవచ్చని మాస్టారు చెప్పడంతో నేను కూడా 9 వారాలు వెళ్లాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇంగ్లీషు చదివే మా సరిహద్దు పిల్లలకు పార్లమెంటు పాఠం ఏ భాషలోనూ పూర్తిగా ఒంటబట్టదు. ఆ పాఠాన్ని తెలుగులో, మొదటి నుంచి చివరిదాకా ఓపికగా చెప్పిన తరగతిని నేను చూడడం ఇదే మొదటిసారి కనుక, చేరదలచిన వారికోసం దీని మంచిచెడ్డలు రెండూ రాస్తున్నాను.

అంతకుముందు ఏడాది మా అమ్మాయి వేరే ఊళ్లో ఒక కోచింగ్ సెంటరుకు వెళ్లేది. అక్కడ లోక్‌సభకు 543, రాజ్యసభకు 245, పోటీకి కనీస వయసు ఒకదానికి 25, మరొకదానికి 30 అని రాయించి అప్పజెప్పించుకునేవారు. ఆ అంకెలన్నీ సరైనవే. కాని ఒక సభ ఉండగా రెండో సభ ఎందుకని పిల్ల అడిగితే, అది పరీక్షకు రాదని చెప్పి కూర్చోబెట్టారు. ఈ మాస్టారి తరగతి సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆయన ఇంటి వీధి గది పెద్దది, లోపలి గది చిన్నది, రెండింటికీ మధ్య వసారా ఉంది. పెద్ద గదిలో 14 మందిని, చిన్న గదిలో ఆరుగురిని కూర్చోబెట్టి, ఇది లోక్‌సభ, అది రాజ్యసభ అన్నారు. పెద్ద గదివారిని ప్రజలు నేరుగా ఎన్నుకున్నట్టు, చిన్న గదివారిని రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నట్టు లెక్క. మన ఒడిశా నుంచి లోక్‌సభకు 21 మంది, రాజ్యసభకు 10 మంది వెళతారనీ, రాజ్యసభ ఎప్పటికీ రద్దు కాదనీ, రెండేళ్లకోసారి మూడోవంతు సభ్యులు దిగిపోయి కొత్తవారు వస్తారనీ చెప్పారు. ఆ సభకు ఉపరాష్ట్రపతే అధ్యక్షుడు అంటూ బరంపురంలో పుట్టిన వి.వి.గిరి 1967 నుంచి 1969 వరకు ఆ పీఠం మీద కూర్చున్నారని చెప్పినప్పుడు, పిల్లలకు ఢిల్లీ కొంత దగ్గరైనట్టు నాకనిపించింది.

తరువాత పిల్లలే ఒక బిల్లు రాశారు. సంతలో తూకాల మోసాన్ని అరికట్టాలని, సంతలు ఎక్కడ ఏ రోజు జరగాలో కూడా అందులోనే నిర్ణయించాలని వారి ఉద్దేశం. మాస్టారు దాన్ని చదివి వెనక్కి ఇచ్చేశారు. తూనికలు, కొలతల ప్రమాణాలు పార్లమెంటు చట్టం చేసే కేంద్ర జాబితాలోని అంశం కాగా సంతలు రాష్ట్ర శాసనసభలు చట్టం చేసే రాష్ట్ర జాబితాలోనివనీ, పార్లమెంటు వాటి జోలికి మామూలుగా పోకూడదనీ చెప్పారు. ఏ దారీ లేదా అని ఒక కుర్రవాడు అడిగాడు. ఉంది, ఆ తాళంచెవి చిన్న గదిలో ఉంది అంటూ ఆయన 249వ అధికరణం చదివి వినిపించారు. జాతీయ ప్రయోజనం దృష్ట్యా అవసరమని రాజ్యసభ, హాజరై ఓటు వేసిన వారిలో మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానిస్తే, రాష్ట్ర జాబితాలోని విషయంపై పార్లమెంటు చట్టం చేయగలదు. లోక్‌సభకు ఆ అధికారం లేదు. అంతవరకు తమను చిన్నచూపు చూశారనుకున్న ఆ ఆరుగురూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు.

సంతల మాట తీసేసి, తూకాలకే పరిమితం చేసిన బిల్లును ఒక అట్ట ఫైలులో పెట్టి ప్రవేశపెట్టారు. మొదటి పఠనం రెండు నిమిషాల్లో అయిపోయింది. రెండో పఠనంలో క్లాజుల వారీ చర్చ వచ్చేసరికి, మానిక, కుంచం వంటి పాత కొలతలను నిషేధించే మూడో క్లాజు మీదనే 40 నిమిషాలు పట్టింది. కొండ మీది నుంచి చింతపండు తెచ్చి అమ్ముకునే సవరలకు రెండేళ్లు గడువివ్వాలని చిన్న గదిలో ఉన్న మా అమ్మాయి ఎర్ర సిరాతో సవరణ రాసి, ఫైలు పట్టుకుని వసారా దాటి వెళ్లింది. పెద్ద గది తిరస్కరించింది. ఫైలు మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది, ఎవరూ తగ్గలేదు. చివరకు రాష్ట్రపతి ఉభయసభల సంయుక్త సమావేశం పిలిచినట్టుగా అందరినీ వసారాలో కూర్చోబెట్టి, స్పీకరు పాత్రలో ఉన్న విద్యార్థి చేత ఓటింగు పెట్టించారు. సవరణకు అనుకూలంగా 8 మంది, వ్యతిరేకంగా 12 మంది ఓటు వేయడంతో అది వీగిపోయింది.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. మంది ఎక్కువ ఉన్నవారే గెలిచేటట్టయితే మేమెందుకు మాస్టారూ అని అడిగింది. ఆయన ఆ ప్రశ్నను దాటవేయలేదు. సంయుక్త సమావేశంలో బిల్లు నెగ్గడం ఇంతవరకు మూడుసార్లే జరిగిందనీ, 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు అలా చట్టాలయ్యాయనీ చెప్పారు. రాజ్యాంగ సవరణ బిల్లుకు ఆ దారి లేదు, దాన్ని రెండు సభలూ విడివిడిగా, ఓటు వేసిన వారిలో కనీసం మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించవలసిందే. 1970లో మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే రాజభరణాల రద్దుకు తెచ్చిన సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో 149 అనుకూల, 75 వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది. 224కు మూడింట రెండు వంతులెంతో లెక్క కట్టమ్మా అని బలపం ఇచ్చారు. నూట నలభై తొమ్మిది, ఆపైన ఇంకో మూడోవంతు అని పలక మీద తేలేసరికి, ఒక్క ఓటుకు కూడా సరిపోని తేడాతో ఒక బిల్లు ఆగిపోయిందని ఆమెకు అర్థమైంది. ఆ పలక చూశాక రుసుము నాకు ఎక్కువనిపించలేదు.

మంత్రివర్గం లోక్‌సభకే జవాబుదారీ అనే పాఠానికి ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా మా ప్రాంతానిదే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు, ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ కోరాపుట్ లోక్‌సభ సభ్యుడిగా ఓటు వేశారు. పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి వాటికి సంబంధించిన ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులలోగా సిఫార్సులతో తిప్పి పంపడమే తప్ప ఆపజాలదన్న సంగతిని, రాష్ట్రపతి ఆమోదం సంగతిని త్వరగా ముగించారు, అది నాకు లోటుగా తోచలేదు.

స్థాయీ సంఘాల పాఠాన్ని పావుగంటలో తేల్చేయడం మాత్రం పెద్ద లోపం. 1993 నుంచి పనిచేస్తున్న ఈ శాఖల వారీ సంఘాలు ఇప్పుడు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి కూర్చుని తమకు వచ్చిన బిల్లును అక్షరమక్షరం పరిశీలిస్తారు. అసలు పని జరిగే చోటును వదిలేసి సభలోని చర్చనే చూపిస్తే చిత్రం సగమే అవుతుంది. దీనికి ఒక వారం పూర్తిగా కేటాయించాలని మాస్టారితో స్వయంగా మనవి చేశాను.

అచ్చు వేసి ఇచ్చే నోట్సు కూడా సరిదిద్దాలి. అందులో రాజ్యసభ సభ్యులు 250 అని ఉంది. అది రాజ్యాంగం పెట్టిన గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇప్పుడున్నవి 245 స్థానాలు, వాటిలో 12 రాష్ట్రపతి నామినేట్ చేసేవి. తెలుగు పదాల పక్కన ఒడియా పదాలు లేకపోవడం వల్ల, ఒడిశా పరీక్షలు రాసే పిల్లలు మళ్లీ విడిగా వెతుక్కోవలసి వస్తోంది.

నోట్సు మీద ఆధారపడకుండా విడిగా ఒక పుస్తకం తీసుకెళ్లండి. పాతపట్నం నుంచి వచ్చేవారు ఉదయం 8 గంటలకల్లా చేరుకోవాలి, ఆలస్యమైతే ఆ రోజుకు సభలో సీటు ఉండదు, మాతోపాటు వెనక బల్ల మీదే కూర్చోవాలి.