నాయన రికార్డులు: గుత్తగా ఇచ్చేయాలా, విడిగా అమ్ముకోవాలా?

నాయన పోయాక చిత్తూరు ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద నుంచి రెండు ట్రంకుపెట్టెలు దిగాయి. లెక్కపెడితే 212 గ్రామఫోన్ రికార్డులు. ఎక్కువగా ఎల్పీలు (చాలా పాటలు పట్టే పెద్ద రికార్డులు), కొన్ని చిన్న ఈపీలు (కొద్ది పాటలవి), అడుగున బరువైన 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి) కట్ట ఒకటి. తిరుపతిలో మాది రెండు గదుల ఇల్లు. అమ్మక తప్పలేదు.

చెన్నై నుంచి వచ్చిన వ్యాపారి అన్నిటికీ కలిపి 11,000 అన్నాడు. ఒక్కోటి యాభై రూపాయల చిల్లర! ఒళ్ళు మండింది గానీ, ఆయన చూసే తీరు చూశాక సగం కోపం దిగింది. ఒక ఎల్పీని అంచులు మాత్రమే తగిలేలా అరచేతుల మధ్య పట్టుకుని, కిటికీ వెలుతురులో ఏటవాలుగా తిప్పాడు. నా కంటికి నిగనిగలాడిన రికార్డు మీద వెంట్రుకల్లాంటి గీతలు బయటపడ్డాయి. ఇంకోటి టేబుల్ మీద పెడితే అప్పడంలా అంచు లేచింది. మన ఎండలకి అటక మీద ఒకదానిపై ఒకటి పడుకోబెడితే వినైల్ ప్లాస్టిక్ వంగిపోక ఏమవుతుంది? నిలబెట్టి ఉంచాల్సింది. అట్టల మీద నాయన బాల్‌పెన్నుతో రాసుకున్న పేరుకీ రేటు తగ్గింది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. మా పెట్టెలో రెండున్నాయి. తిరుపతి నుంచి వచ్చిందంటే కళ్ళకద్దుకుని కొంటారనుకున్నా. “ఇది లేని ఇల్లేది సార్” అని పక్కకి నెట్టేశాడు. ఎకో కంపెనీ వేసిన ఇళయరాజా ఎల్పీలు మాత్రం మాట్లాడకుండా వేరే దొంతర పెట్టాడు. చిత్తూరు వాళ్ళం, మా ఇంట్లో సగం తమిళ పాటలే. అసలు బేరం ఎక్కడుందో ఆ దొంతర చూశాకే అర్థమైంది.

మనమే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి మోసుకెళ్దామా అంటే, అట్టతో కలిపి ఎల్పీ పావుకిలో దాకా తూగుతుంది. రెండు పెట్టెలూ నాతో కాదనుకున్నా.

ఇక ఆన్‌లైన్. రేటు బాగానే వస్తుంది, ఓపిక ఉంటే. “బాగుంది” అని రాస్తే ఎవరూ నమ్మరు. నియర్ మింట్ (దాదాపు కొత్తది) అనాలా, వీజీ ప్లస్ (వాడినా బాగున్నది) అనాలా తేల్చుకోవాలి, ప్లే చేసి వీడియో పెట్టాలి. అందుకోసం ప్లేయర్‌కి బెల్టు వేయించాను. మొదటి పార్శిల్‌లోనే దెబ్బ తిన్నా. రికార్డుని అట్టలోనే ఉంచి పంపితే, దారిలో కదిలి అట్టని అతుకు దగ్గర చీల్చుకుని బయటికొచ్చింది. 450 వెనక్కిచ్చాను. రికార్డుని లోపలి కవరుతో సహా బయటికి తీసి, అట్ట వెనక పెట్టి, రెండు పక్కలా గట్టి కార్డ్‌బోర్డు వేసి కట్టాలి. 78లు లక్కతో చేసినవి, పింగాణీలా పగులుతాయి. వాటిని పోస్టులో వేయకపోవడమే మంచిది.

చివరికి మంచివి 25 ఏరి విడిగా అమ్మాను. నాలుగు నెలలు పట్టింది, 16,000 దాకా వచ్చాయి. మిగతావాటికి ఆ వ్యాపారే 5,000 ఇచ్చాడు. మంచివి ఏరేశాక పాత రేటు ఇవ్వడు కదా. అలా చూసినా గుత్తబేరం మీద దాదాపు రెట్టింపు. కానీ మీ పెట్టెలో అన్నీ ఊరంతా కొన్న భక్తిపాటలే అయితే ఈ తిప్పలు పడకండి, గుత్తగా ఇచ్చేయండి.

78లు మాత్రం ఆయనా తీసుకోలేదు. బీరువా పక్కన ఉన్నాయి, నిలబెట్టే.