చవక యూఎస్‌బీ-మిడి కేబుల్ కొనేవాళ్లు కాస్త ఆగండి: లైట్ వెలిగినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు

పాత మ్యూజిక్ కీబోర్డ్‌ని ల్యాప్‌టాప్‌కి కలపడానికి ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరికే యూఎస్‌బీ-మిడి కేబుల్ ఆర్డర్ పెట్టబోతున్నారా? ముందు ఇది చదవండి. (మిడి అంటే ఏ నోటు ఎప్పుడు నొక్కామో కీబోర్డ్ కంప్యూటర్‌కి చెప్పే భాష.) అదేనండీ, ఒక చివర యూఎస్‌బీ, మధ్యలో చిన్న డబ్బా, రెండో చివర ఇన్, అవుట్ అని రాసిన రెండు ఐదు పిన్నుల ప్లగ్గులు. పేరు ఏదైనా ఉండొచ్చు, చాలాసార్లు పేరే ఉండదు. కింద రివ్యూలు చూస్తే "సూపర్, పెట్టగానే పనిచేసింది" అని ఉంటాయి. అవి అబద్ధాలు కావు, చిక్కంతా అక్కడే ఉంది. పెట్టగానే నిజంగానే పనిచేస్తుంది, నోట్లు పలుకుతాయి, లైట్ మిణుకుమంటుంది, కొన్నాయన ఐదు స్టార్లు ఇచ్చేసి వెళ్లిపోతాడు. దాని అసలు రంగు బయటపడేసరికి రిటర్న్ గడువు దాటిపోతుంది.

నాకది డీఎక్స్7 దగ్గర బయటపడింది. యమహా వాళ్లు 1983లో తెచ్చిన ఈ కీబోర్డ్‌లో మనం దాచుకున్న టోన్లన్నీ లోపలి బ్యాటరీ మీదే నిలబడి ఉంటాయి, అది చచ్చిపోతే టోన్లూ పోతాయి. అందుకే బ్యాటరీ మార్పించే ముందు 32 టోన్లనూ ల్యాప్‌టాప్‌లో భద్రం చేద్దామని ఈ కేబుల్ తెప్పించాను. ఆ 32 టోన్ల కట్ట, అంటే బ్యాంక్, మొత్తం ఒకే సిస్‌ఎక్స్ మెసేజ్‌గా (నోట్లు కాకుండా కీబోర్డ్ లోపలి సమాచారాన్ని మోసే మిడి మెసేజ్) వస్తుంది, సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. నా ఫైలు ఒకసారి ఒక సైజు, ఇంకోసారి ఇంకో సైజు, ఎప్పుడైనా సైజు సరిపోతే చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసే అంకె) తప్పు. అదే కీబోర్డ్, అదే ల్యాప్‌టాప్, మధ్యలో ఒక స్టూడియో మిత్రుడి మిడి ఇంటర్‌ఫేస్ (ఈ కేబుల్ పనే చేసే పరికరం) పెడితే మొదటిసారికే 4,104 దిగాయి. అమ్మినవాళ్లకు రాస్తే వచ్చిన జవాబు: "సర్, నోట్లు వస్తున్నాయి కదా, ప్రోడక్ట్ బాగానే ఉంది." సిస్‌ఎక్స్ అంటే ఏమిటో వాళ్లకు చెప్పే ఓపిక నాకు మిగల్లేదు.

ఎందుకిలా అంటే, మిడి సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది, అంటే ఒక బైటుకు 320 మైక్రోసెకన్లు. ఒక నోటు మూడు బైట్లే కాబట్టి ఒక మిల్లీసెకనులో పని అయిపోతుంది, ఎంత నాసిరకం చిప్ అయినా దాన్ని మోయగలదు. డీఎక్స్7 బ్యాంక్ మాత్రం దాదాపు 1.3 సెకన్ల పాటు ఆగకుండా వస్తుంది. ఆ వరసను నాలుగేసి బైట్ల యూఎస్‌బీ ప్యాకెట్లుగా కట్టి, ఏ ప్యాకెట్‌లో ఏముందో గుర్తు వేసి పంపాలి. వచ్చిన బైట్లను కాసేపు పట్టి ఉంచే చోటు (బఫర్) చిన్నదైతే బైట్లు రాలిపోతాయి, కొన్ని చిప్పులైతే ఆ గుర్తే తప్పు వేస్తాయి. ఇలాంటి ఒక చిప్ తప్పుల్ని సర్దడానికి లైనక్స్ కర్నెల్‌లో ప్రత్యేకంగా కోడ్ రాయాల్సి వచ్చిందంటే చూడండి. టోన్ల గొడవ నాకెందుకు, నేను వాయించుకుంటాను చాలు అనేవాళ్లకు కూడా ఇది తగులుతుంది. పెడల్ తొక్కి, పిచ్ బెండ్ తిప్పుతూ రెండు చేతులతో వాయించినప్పుడు ఒక్క నోట్ ఆఫ్ (మెట్టు వదిలామని చెప్పే మెసేజ్) రాలిపోయినా ఆ నోటు మోగుతూనే ఉంటుంది. ఫంక్షన్‌లో స్ట్రింగ్స్ ప్యాడ్ అలా ఇరుక్కుంటే ఎంత టెన్షనో వాయించేవాళ్లకు తెలుసు.

ఇంకో సంగతి, డబ్బా విప్పి చూశాక తెలిసింది. మిడి ఇన్ వైపు ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురుగా దాటించే చిన్న భాగం) ఉండి తీరాలని మొదటి నుంచీ ఉన్న నియమం, కీబోర్డ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య కరెంటు దారి కలవకూడదని. నా కేబుల్‌లో అది లేనే లేదు, ఖర్చు మిగుల్చుకున్నారు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే మిక్సర్‌లో హమ్ వస్తుంటే, ఛార్జర్ తీస్తే పోతుంటే అనుమానించాల్సింది దీన్నే. డబ్బా విప్పకుండా చూడాలంటే మల్టీమీటర్‌తో ఇన్ ప్లగ్గు మధ్య పిన్నుకీ యూఎస్‌బీ లోహపు తొడుగుకీ పట్టి చూడండి. బీప్ వస్తే ఆ విడదీత (ఐసొలేషన్) లేనట్టే. బీప్ రాలేదు కాబట్టి ఉన్నట్టే అని మాత్రం నమ్మేయకండి.

అయితే తిట్టే ముందు మన వైపు కూడా చూసుకోవాలి. కేబుల్ మీది ఇన్ ప్లగ్గు కీబోర్డ్ అవుట్‌లోకి వెళ్లాలి. కొందరు తయారీదారులు తిరగేసి రాస్తారు కాబట్టి ఏమీ రాకపోతే ముందు రెండూ మార్చి చూడండి. విండోస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ పోర్ట్ పట్టుకుంటే ఇంకోదానికి దొరక్కపోవచ్చు, మిగతావన్నీ మూసి మిడి-ఆక్స్ (వచ్చే మిడి మెసేజ్‌లను చూపే సాఫ్ట్‌వేర్) ఒక్కటే తెరవండి. నోట్లు రెండేసి పలుకుతుంటే కేబుల్‌ది తప్పు కాదు, కీబోర్డ్‌లో లోకల్ కంట్రోల్ (మెట్టు నొక్కితే కీబోర్డే నేరుగా పలికే ఏర్పాటు) ఆఫ్ చేయాలి. డీఎక్స్7 వాళ్లైతే "సిస్ ఇన్ఫో అవైల్" అనే సెట్టింగ్ పెట్టకుండా డంప్ (టోన్ల డేటా) రాలేదని గింజుకోకండి, తిరిగి ఎక్కించేటప్పుడు మెమరీ ప్రొటెక్ట్ తీయాలి.

అసలు మీ కీబోర్డ్ వెనక యూఎస్‌బీ టు హోస్ట్ అనే సాకెట్ ఉంటే ఈ గొడవే వద్దు, మామూలు ప్రింటర్ కేబుల్ చాలు. అది ఉన్న యమహా పీఎస్‌ఆర్-ఐ500 వాళ్లు కూడా ఇలాంటివి కొంటున్నారు, దండగ. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, వాద్యాల ధ్వనిని కంప్యూటర్‌కి పంపే పరికరం) ఎలాగూ కొనాలనుకుంటే మిడి సాకెట్లు ఉన్నది చూసుకోండి: బెరింగర్ యూఎంసీ204హెచ్‌డీకి ఉన్నాయి, 202కి లేవు. విడిగానే కావాలంటే రోలాండ్ యూఎం-వన్ ఎంకే2 లాంటిది. దాని మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఫోన్‌కో ట్యాబ్‌కో పెట్టేటప్పుడు అది ట్యాబ్ వైపు ఉండాలి, చాలామంది అది చూడక పాడైందనుకుంటారు. సెకండ్ హ్యాండ్‌లో పాత పెద్ద ఇంటర్‌ఫేస్ చవగ్గా దొరికితే, క్లాస్ కంప్లయంట్ (విడిగా డ్రైవర్ అక్కర్లేనిది) అవునో కాదో చూశాకే డబ్బివ్వండి. కాకపోతే మీ విండోస్‌కి డ్రైవర్ ఉందో లేదో వెతకాలి.

ఏది కొన్నా వచ్చిన రోజే సిస్‌ఎక్స్ డంప్ తీసి, మళ్లీ తీసి, రెండు ఫైళ్లూ పోల్చండి. తేడా ఉంటే స్క్రీన్‌షాట్‌తో రిటర్న్ పెట్టండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. గడువు దాటిపోయినవాళ్లు దాన్ని ఇంట్లో ప్రాక్టీస్‌కి వాడుకోండి, తప్పులేదు. కానీ దాని మీదుగా కీబోర్డ్ ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మాత్రం చేయకండి, మధ్యలో బైట్లు రాలితే కీబోర్డ్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు.