ఆ హోటల్ జిమ్ కంటే బీచ్ రోడ్డు వెయ్యి రెట్లు నయం

విజయవాడ బస్టాండుకి దగ్గర్లో ఉన్న ఆ హోటల్ పేరు రాయను గానీ, మాలాగా ఆడిట్ పనుల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు "జిమ్, ఫ్రీ వైఫై" అన్న రెండు ముక్కలు చూసి రూమ్ బుక్ చేసే ముందు ఇది చదవండి. రోజుకి 2,400 రూపాయలు. మా సీనియర్ గారికి షుగర్, డాక్టర్ రోజూ నడిచి తీరాలన్నారు. నాకేమో రాత్రి ఎనిమిదింటికి మూడో తరగతి చదివే మా అమ్మాయితో వీడియో కాల్ ఉండాల్సిందే, లేకపోతే అది అన్నం తినదని అత్తయ్య గోల. ఇద్దరి పనీ జరుగుతుందని అక్కడ దిగాం.

పొద్దున్న ఐదున్నరకి జిమ్ తాళం అడిగితే రిసెప్షన్ కుర్రాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి పై అంతస్తులో ఒక తలుపు తీశాడు. లోపల విరిగిన కుర్చీలు, షామియానా గుడ్డలు, ఓ మూల ట్రెడ్‌మిల్, దాని మీద ఉతికి ఆరేసిన దుప్పట్లు! "అది రిపేర్‌లో ఉంది మేడం, సైకిల్ తొక్కుకోండి" అన్నాడు. సైకిల్‌కి ఉన్నది ఒక్కటే పెడల్. సీనియర్ గారు ఒక్క మాట కూడా అనకుండా చాలాసేపు మెట్లు ఎక్కి దిగారు, టిఫిన్ దగ్గరా ముఖం మాడ్చుకునే ఉన్నారు. ఆ కోపంలో పూరీ రెండు ప్లేట్లు లాగించారనుకోండి, అది వేరే సంగతి.

ఇక వైఫై. మొదటి అరగంటే ఫ్రీ, ఆ తర్వాత ఫోనుకి రోజుకి 99. కట్టాను. నా రూమ్ వెనక వైపు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, మొబైల్ సిగ్నల్ కూడా రాదు. అమ్మాయి ఎక్కం అప్పజెబుతూ "థర్టీన్ సెవెన్స్ ఆర్..." దగ్గర నోరు తెరిచి అలాగే ఆగిపోయింది. మర్చిపోయిందేమో అనుకుని నేను ఇటు నుంచి "ఆలోచించు నాన్నా, ఆలోచించు" అంటున్నా, తీరా చూస్తే నెట్ పోయింది. చివరికి లిఫ్ట్ పక్కన మెట్ల మీద కూర్చుని మాట్లాడాను, వచ్చేపోయేవాళ్ళంతా మా ఇంటి హోంవర్క్ విన్నారు.

బిల్లు చూశాక సీనియర్ గారి ముఖంలో మొదటిసారి కళ వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న గదులకి జీఎస్టీ 5 శాతమే. వీళ్ళు పాత లెక్కన 12 వేశారు, అంటే రోజుకి 2,520 కావాల్సింది 2,688. పైగా "ఫిట్‌నెస్ ఛార్జ్" అని ఇంకో 300, ఒంటి పెడల్ సైకిల్‌కి! బిల్లులు చూడటమే మా ఉద్యోగమని పాపం వాళ్ళకి తెలీదు. గట్టిగా అడిగితే ఎక్కువ వేసిన పన్నూ, ఆ మూడు వందలూ తీసేశారు, వైఫై డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

రాజమండ్రిలో పని తొందరగానే అయిపోయింది, నేను రోజ్ మిల్క్ తాగాను, సీనియర్ గారు అటు తిరిగి నిలబడ్డారు, రైలెక్కేశాం.

వైజాగ్‌లో పాండురంగాపురం వైపు ఓ చిన్న గెస్ట్ హౌస్, 1,900. జిమ్ ఉందని వాళ్ళేమీ చెప్పలేదు, అవసరమూ లేదు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదికి బళ్ళు రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. కాళీ గుడి దగ్గర మొదలుపెట్టి కురుసుర సబ్‌మెరైన్ దాటి వెళ్ళి తిరిగొస్తే సీనియర్ గారి కోటా పూర్తి. నేను స్కూల్ వ్యాన్ రాకముందే నడుస్తూనే ఇంటికి వీడియో కాల్ చేశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. కురుసుర చూపిస్తే "అది నీళ్ళలో కదా ఉండాలి, ఇసుకలో ఎందుకు పెట్టారు?" అంది. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, తర్వాత ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేశారని చెప్పాను. "రిటైరైతే ఇంటికి పంపాలి కదా" అని సీనియర్ గారిని అడిగింది, ఆయనకి రిటైర్మెంట్ వచ్చే ఏడే! పడీ పడీ నవ్వారు. దారిలో చోడి అంబలి గ్లాసు 20 రూపాయలు, టిఫిన్ దాకా ఆకలి వేయదు.

నా మాట వింటే, బుక్ చేసే ముందు ఫోన్ చేసి జిమ్ ఫోటో అప్పటికప్పుడు తీసి వాట్సాప్‌లో పంపమనండి, పంపకపోతే లేనట్టే లెక్క. రోడ్డు వైపు గదే అడగండి, చప్పుడు ఉన్నా సిగ్నల్ ఉంటుంది. ఆ వైజాగ్ గెస్ట్ హౌస్‌లో లిఫ్ట్ లేదు, వేడినీళ్ళు ఎనిమిది దాటితే రావు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గది ముందే చెప్పి పెట్టుకోండి.