నీల్ ద్వీపమా, అగత్తియా: తిరుపతి నుంచి వెళ్ళేవారికి ఏది మేలు?

అండమాన్‌లోని నీల్ ద్వీపం (నేటి షహీద్ ద్వీప్), లక్షద్వీప్‌లోని అగత్తి రెండూ మనకు దక్షిణంగానే ఉన్నా, ఒకటి తూర్పు సముద్రంలో, మరొకటి పడమటి సముద్రంలో ఉంది. తొలిసారి, అందులోనూ పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేవారికి నీల్ మేలని నా అభిప్రాయం.

పైకి చూస్తే అగత్తి దారే సులువు. తిరుపతి, చిత్తూరు మీదుగా వెళ్ళే రైళ్ళలో కేరళ చేరి, కొచ్చిలో విమానమెక్కితే సుమారు గంటన్నరలో ద్వీపంలోనే దిగవచ్చు. అయితే అక్కడి రన్‌వే చిన్నది, వచ్చేవి చిన్న విమానాలు. పైగా 1967 నాటి నియమాల ప్రకారం భారతీయులకైనా ముందస్తు ప్రవేశానుమతి ఉండాలి. నీల్‌కు ఆ అనుమతి అక్కరలేదు. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమానంలో పోర్ట్ బ్లెయిర్, అంటే నేటి శ్రీ విజయపురం చేరాక, మరో రెండు గంటలు పడవ ప్రయాణం ఉంటుంది.

వానల సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. అగత్తిలో ప్రధానంగా జూన్ నుంచి నైరుతి రుతుపవనాలు కురుస్తాయి, అప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. నీల్‌లో నైరుతి వెళ్ళాక ఈశాన్య వానలూ పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు మరువని మనకు ఆ నెల సంగతి వేరే చెప్పనక్కరలేదు. జనవరి నుంచి మార్చి వరకు రెండూ అనుకూలమే.

నేల విషయంలో తేడా ఇంకా పెద్దది. అగత్తి పగడపు దిబ్బ. సుమారు ఏడు కిలోమీటర్ల పొడవు, ఎక్కడా పెద్ద వెడల్పు లేదు, కొబ్బరి తప్ప పంటలు తక్కువ. ఉప్పునీటిపై తేలే పలుచని మంచినీటి పొరే అక్కడి బావులకు ఆధారం. అందుకే 2011లో నిర్లవణీకరణ కేంద్రం పెట్టారు: సముద్రపు వెచ్చని పైనీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి తాగునీరు తీస్తారు. తాగునీటి కోసం కండలేరు వైపు చూసే మన ఊరివారికి ఆ కష్టం తెలియనిది కాదు. నీల్‌లో మాత్రం కూరగాయల తోటలున్నాయి; అండమాన్‌కు కూరలబుట్ట అని దానికి పేరు.

నీల్‌లోని లక్ష్మణ్‌పూర్ వద్ద సహజ శిలావంతెనను పోటు తగ్గిన వేళే చూడాలి. నాచు పట్టిన పగడపు రాళ్ళపై అడుగు జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఒడ్డునే ఆగడం మంచిది. ఆ రాళ్ళ గుంటల్లో నిలిచిన నీటిలో చిన్న చేపలు, నల్లని సముద్ర దోసకాయలనే మెత్తని జీవులు స్పష్టంగా కనిపిస్తాయి. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదుకే పొద్దు గుంకుతుంది, అగత్తిలో ఆరు దాటుతుంది. కనుక నీల్‌లో తెల్లవారుజామునే బయలుదేరాలి, తిరుగు విమానానికి ముందు శ్రీ విజయపురంలో ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి, గాలి పెరిగితే పడవలు ఆగిపోతాయి.