43 అంగుళాల టీవీతో ఐదేళ్ళు: బొమ్మ పోయింది, సౌండ్ మాత్రం పోలేదు

2019 దసరా ఆఫర్లలో కొన్నాం ఈ టీవీ, బెంగళూరు మారతహళ్ళిలో అప్పుడే ఇల్లు మారాం, పాత 32 అంగుళాలది హాల్లో గోడ మీద పోస్టల్ స్టాంపు లాగ కనపడుతోందని. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను పడ్డ పాట్లు ఈ రేంజ్‌లో ఏ టీవీ కొన్నా పడేవే. ఫోర్‌కే, స్మార్ట్, డబ్బా మీద హెచ్‌డీఆర్ 10 అని, అంటే వెలుగునీడలు ఇంకా బాగా చూపిస్తుందని, ఇంత పెద్ద స్టిక్కరు.

మొదటి గొడవ నాన్నతో. కడప నుంచి వచ్చి సీరియల్ పెట్టుకుని రెండు నిమిషాలు చూసి, "ఇంత దుడ్డు పోసి కొంటివి, మన పాత డబ్బా టీవీనే నయం కదరా" అన్నాడు. నిజమే, మొహాలన్నీ మైనం బొమ్మల్లా అలుక్కుపోయి ఉన్నాయి. నేనేమో ప్యానెలే, అంటే బొమ్మ చూపించే తెరే నాసిరకం అనుకుని వారం రోజులు తిట్టుకున్నా. తీరా చూస్తే కేబుల్ అబ్బాయి హెచ్‌డీ బాక్సే ఇచ్చి, దాన్ని ఎరుపు తెలుపు పసుపు పిన్నుల పాత వైరుతో తగిలించి పోయాడు. ఆ వైర్లో హెచ్‌డీ రాదు, 576 గీతల పాత బొమ్మే వస్తుంది, దాన్ని టీవీ 2160 గీతలకి సాగదీస్తే ఇంకెట్లుంటుంది మరి. హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, షార్ప్‌నెస్ సగానికి తగ్గించా, అంతే, నాన్న మళ్ళీ డబ్బా టీవీ ఊసెత్తలేదు.

ఇంకోటి, సినిమాలు కూడా సీరియల్ షూటింగ్ లాగ కనపడటం. మనుషులు జారిపోతున్నట్టు, మరీ నున్నగా. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు, ప్యానెల్ బొమ్మ మార్చేది 60 సార్లు, మధ్యలో లేని ఫ్రేములు టీవీ తనే కల్పించి పెడుతుంది. మోషన్ అని మొదలయ్యే ఆప్షన్ ఏదో ఒకటి సెట్టింగుల్లో ఉంటుంది, సినిమాకి ఆపేయండి, క్రికెట్‌కి కావాలంటే ఉంచుకోండి. ఆపితే కెమెరా పక్కకి తిరిగేటప్పుడు కాస్త కుదుపు ఉంటుంది, నాకైతే ఆ కుదుపే నయం. డబ్బా మీద 200, 400 అని వేసే మోషన్ నంబర్లు నమ్మకండి, అసలు ప్యానెల్ ఎన్ని హెర్ట్జో, అంటే సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో అడగండి.

హెచ్‌డీఆర్ సంగతి ఒక్క ముక్కలో చెప్తా, ఆన్ అయితే బొమ్మ ఇంకా చీకటి పడింది. ఆ వీడియోలు వెయ్యి నిట్స్ (తెర వెలుగుకి కొలత) వెలుగు లెక్కేసుకుని తయారుచేసినవి చాలా ఉంటాయి, ఇలాంటి టీవీలు ఇచ్చేది అందులో మూడో వంతు కూడా కష్టమే. అంటే సిగ్నల్ అర్థమవుతుంది గానీ చూపించే సత్తా లేదన్నమాట. స్టిక్కరు మాత్రం అబద్ధం కాదు, అదే తమాషా.

ఇక అసలు కథ. 2023 లో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో స్క్రీన్ ఠక్కున నల్లబడింది, కామెంటరీ మాత్రం వస్తూనే ఉంది. ప్లగ్ పీకి, టీవీ వెనక పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టా, కొన్నిసార్లు దాంతోనే సరైపోతుంది, ఈసారి కాలేదు. సర్వీసు నుంచి వచ్చినాయన ఐదు నిమిషాలు చూసి ప్యానెల్ పోయింది, 19 వేలు అన్నాడు. ఆ డబ్బుకి ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది కదా.

ఆ రాత్రి లైట్లన్నీ ఆపేసి ఫోన్ టార్చి స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూశా, ఆఫీసులో ఒకన్న చెప్పాడులెండి. మసక మసకగా మెనూ కనపడింది! అంటే ప్యానెల్ బొమ్మ గీస్తూనే ఉంది, వెనక వెలగాల్సిన ఎల్ఈడీలే ఆరిపోయాయి. మర్నాడు ఎస్పీ రోడ్డు దగ్గర ఒక చిన్న షాపతన్ని పిలిచా, విప్పి చూసి "స్ట్రిప్ హోగిదె సార్, ప్యానెల్ చెన్నాగిదె" అన్నాడు కన్నడంలో, అంటే ఎల్ఈడీల పట్టీ పోయింది, ప్యానెల్ బాగుంది అని. దీపావళి సీరియల్ లైట్ల లాగే, వరసలో ఒక్క ఎల్ఈడీ పోయినా ఆ వరసంతా ఆరిపోతుంది, కొన్ని టీవీల్లో మొత్తం బ్యాక్‌లైటే ఆగిపోతుంది. పోయినదొక్కటే కాకుండా అన్ని స్ట్రిప్పులూ మార్పించా, 3,200 అయింది. కింద ఎడమ మూల కొంచెం నీడ పడుతోంది ఇప్పుడు, వార్తలు చూసేటప్పుడు తప్ప తెలీదు.

ఎందుకు పోయిందంటే తప్పు మాదే. నాలుగేళ్ళు రంగులూ వెలుగూ పెంచి చూపే వివిడ్ మోడ్, బ్యాక్‌లైట్ 100, పొద్దున భక్తి పాటల నుంచి రాత్రి పదకొండు దాకా. నేను కళ్ళు లాగుతున్నాయని బ్రైట్‌నెస్ తగ్గిస్తూ వచ్చా, కానీ మా టీవీలో బ్రైట్‌నెస్ అంటే నలుపు ఎంత నల్లగా ఉండాలో, దీపం వెలుగు కాదు. దీపం వెలుగుకి బ్యాక్‌లైట్ అని వేరే ఉంది. ఇప్పుడు 55 మీద ఉంది, హాల్లో కర్టెన్ వేస్తే చాలు.

చిన్నాచితకా చెప్పాలంటే, రిమోట్ పనిచేయకపోతే దాని ముందు లైటుని ఫోన్ కెమెరాలో చూడండి, బటన్ నొక్కితే మినుకుమంటే రిమోట్ బాగున్నట్టే, బ్లూటూత్ రిమోట్లకి మాత్రం ఈ చిట్కా పనికిరాదు. యాప్‌లు మూడో ఏడుకే ఈడ్చడం మొదలెట్టాయి, 8 జీబీ స్టోరేజి ఎన్నాళ్ళని వస్తుంది, ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చి టీవీ సాఫ్ట్‌వేర్ మొహం చూడటం మానేశా.

ఇది వీఏ అనే రకం ప్యానెల్, ఎదురుగా కూర్చుంటే నలుపు భలే ఉంటుంది, సోఫా చివర కూర్చునే మా ఆవిడకి మాత్రం రంగులన్నీ పాలు కలిపినట్టు కనపడతాయి. తర్వాత కొనే టీవీకి ఆమె పెట్టిన షరతు అదొక్కటే, షోరూంలో ఎదురుగా కాదు, పక్కన నిలబడి చూసి కొనాలంట.