చీనీ తోటలో వెంచురీ: ఐదారేళ్ల వాడకం తర్వాత

డ్రిప్‌లో ఎరువు పంపడానికి మా అనంతపురం చీనీ (బత్తాయి) తోటలో అంగుళం వెంచురీ వాడుతున్నాం. ఇది నడుము దగ్గర సన్నబడిన చిన్న గొట్టం, నీళ్లు పారేటప్పుడు బకెట్‌లో కలిపిన ఎరువు మందును సన్న ట్యూబుతో లాగుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, తిరిగే భాగాలు లేవు, ఫర్టిలైజర్ ట్యాంకు కన్నా బాగా చవక. ఇన్నేళ్లయినా ప్లాస్టిక్ బాడీ చెక్కుచెదరలేదు. మార్చిందల్లా మందు పీల్చే సన్న ట్యూబు ఒక్కటే. ఎండకు పెళుసెక్కి చీలింది. వెంట్రుకంత చీలికే, అయినా మందుకు బదులు గాలి లాగేది.

గొట్టం సన్నబడిన చోట ప్రెషర్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. వ్యాసం సగమైతే అదే నీరు నాలుగు రెట్లు వేగంగా పోవాలి, ఆ వేగం ప్రెషర్‌ను తినేస్తుంది. నడుము దగ్గర ప్రెషర్ బయటి గాలి కన్నా తగ్గగానే బకెట్‌లోని మందును ఆ గాలే లోపలికి నెడుతుంది. ఇటలీకి చెందిన వెంచురీ 1797లోనే దీని మీద రాశాడు.

అసలు పనితనమంతా బైపాస్ వాల్వ్ తిప్పడంలో ఉంది, అంటే వెంచురీలోకి రాకుండా నీళ్లు పక్కగా పోయే దారిలోని వాల్వ్. వాల్వ్ పూర్తిగా తెరిస్తే నీళ్లన్నీ అటే పోతాయి, చుక్క మందు కూడా లాగదు. మెల్లగా మూస్తూ పోతే వెంచురీలోకి నీళ్లు వచ్చే వైపు ప్రెషర్ గేజ్ 1.5 కేజీలు, బయటికి పోయే వైపు గేజ్ 1 కేజీ (చదరపు సెంటీమీటరుకు) చూపించే చోట మాకు చక్కగా లాగుతుంది. ఇంకా మూస్తే ఇంకా లాగుతుంది గానీ, పోయిన ప్రెషర్ తిరిగి రాదు. చివరి లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) మీది చెట్లకు నీళ్లూ తగ్గుతాయి, మందూ తగ్గుతుంది. అమ్మేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. అందుకే గేజ్ ఒకటి కాదు, రెండు పెట్టించుకోండి.

వెంచురీని స్క్రీన్ ఫిల్టర్‌కు ముందే బిగించాలి, కరగని నలుసులు ఫిల్టర్‌లోనే ఆగిపోతాయి. అయితే ఫిల్టర్ జాలీకి మట్టి పట్టిందంటే వెంచురీకి, జాలీకి మధ్య ప్రెషర్ పెరిగి, నీళ్లు వెనక్కి తన్ని బకెట్ పొంగుతుంది. పీల్చే ట్యూబుకు నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ బెడద లేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువుతో కాల్షియం నైట్రేట్ కలపకండి, తెల్లగా గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. మందు అయ్యాక కాసేపు వట్టి నీళ్లు వదలాలి.

బోరులో నీళ్లు దండిగా ఉండి, మోటారు ప్రెషర్ నిలకడగా ఇస్తుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. ఆగి ఆగి పోసే బోరైతే మాత్రం దీని జోలికి పోవద్దు, మందు ఎక్కించే చిన్న పంపు పెట్టుకోవడమే నయం.